ఖగోళవేత్త వైను బప్పు

హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసిన ఒక ఖగోళవేత్త కుమారుడు మనాలి కల్లట్ వైను బప్పు. ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. పూర్వులు కేరళీయులైనా ఆయన పెరిగినది హైదరాబాదులోనే. తండ్రి వృత్తి కారణంగా బేగంపేటలోని ఆ వేధశాల ఆయనకు రెండవ పాఠశాల అయింది.

నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించిన పిదప ఆయన విద్యార్థివేతనంపై అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ 1949లో ఒక ధూమకేతువును కనుగొన్నారు. బప్పు–బాక్–న్యూకిర్క్ అన్న దాని పేరులో ఆయన పేరే మొదటిది. తర్వాత పాలొమార్‌లో ఒలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పరిశోధన 1957లో వెలువడింది. సూర్యుని వంటి, అంతకన్న చల్లని నక్షత్రాల వర్ణపటంలో ఒక కాల్షియం రేఖ నడిమి భాగపు వెడల్పును కొలిస్తే ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశం తెలుస్తుంది. ప్రకాశం తెలిస్తే దూరం లెక్కకు అందుతుంది. ఇదే విల్సన్–బప్పు ప్రభావం.

ఇంతటి పేరు వచ్చినవారు విదేశాలలో స్థిరపడడం కష్టం కాదు. బప్పు 1953లోనే స్వదేశానికి మరలివచ్చారు. నాడు మనదేశంలో సుదూర నక్షత్రాలను శోధింపదగిన పెద్ద దూరదర్శిని లేదు. వారణాసిలో ప్రారంభమైన వేధశాలను నైనితాల్‌కు తరలించి తీర్చిదిద్దారు. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులయ్యారు. అది ప్రధానంగా సూర్యపరిశీలనకు ఏర్పడినది. రాత్రి ఆకాశానికి వేరొక చోటు కావాలి. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరును ఆయన ఎంచుకొన్నారు. భూమధ్యరేఖకు చేరువ కనుక అక్కడి నుండి ఉత్తరాకాశమే కాక దక్షిణాకాశంలోనూ అధికభాగం కనిపిస్తుంది. 1968లో 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో అక్కడ పని మొదలైంది. 1972లో మీటరు వ్యాసం గలది వచ్చింది. బప్పు ఆశ అంతటితో తీరలేదు. 2.34 మీటర్ల దర్పణాన్ని మనవారే సానపట్టాలని, యంత్రమంతా ఇక్కడే తయారు కావాలని ఆయన పట్టుబట్టారు. కొనితెచ్చుకొన్న యంత్రం చెడితే మళ్లీ పరదేశం వైపు చూడవలసిందే కదా!

1979లో ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులయ్యారు. 1982 ఆగస్టు 19న, హృదయ శస్త్రచికిత్స అనంతరం మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏళ్లు. పెద్ద దూరదర్శిని 1985లో తొలి వెలుగు చూసింది. 1986 జనవరి 6న దానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన తీర్చిదిద్దిన భారత ఖగోళభౌతిక సంస్థ 2015లో అంతరిక్షానికీ కన్ను సారించింది. బాపట్ల, రేపల్లె తీరాలను తాకే బంగాళాఖాతపు ఒడ్డునే ఉన్న శ్రీహరికోట నుండి ఆ ఏడాది సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ నింగికెగసింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో రూపొందిన జంట అతినీలలోహిత దూరదర్శినులు అందులో ఉన్నాయి. ఒక్కొక్కదాని దర్పణం సుమారు 38 సెంటీమీటర్లే. కావలూరులో మొదటిదానిదీ అదే కొలత! కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని విశేషంగా వెదజల్లుతాయి. ఆ కాంతిలో చాలాభాగాన్ని మన వాతావరణం అడ్డగిస్తుంది కనుక దానిని అంతరిక్షం నుండే చూడాలి. ఆ కంటితో పరిశోధకులు సుదూరాన ఉన్న 11 మరుగుజ్జు గెలాక్సీలను శోధించి, వాటి అంచులలో నక్షత్రాలు పుడుతున్నాయని 2022లో ప్రకటించారు. ఆ కొత్త నక్షత్రాల గుంపులు మెల్లమెల్లగా కేంద్రం వైపు జరుగుతూ ఆ చిన్న గెలాక్సీలను పెంచుతున్నాయి.