మద్రాసు కాలమును నిర్ణయించిన గోల్డింగ్‌హామ్

మన సికింద్రాబాదులో సూర్యుడు మధ్యాహ్నరేఖను చేరునప్పటికి మద్రాసులో మధ్యాహ్నము దాటి సుమారు 7 నిమిషములు గడచియుండును. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుటయే ఇందులకు కారణము. ఊరూరికి వేరైన ఈ కాలమును లెక్కకు అందునట్లు చేసి, దేశమునకు ఉమ్మడి గడియారము ఏర్పడుటకు పునాది వేసినవారిలో జాన్ గోల్డింగ్‌హామ్ ముఖ్యుడు. ఆయన చరితమును విద్యార్థి సోదరుల ముందుంచుచున్నాము.

ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసు నుంగంబాకమున నక్షత్రశాలను నిర్మించెను. ఓడలు దారి తప్పకుండుటకును, భూముల కొలతకును అది అవసరమైనది. అందలి యంత్రమును మోసిన రాతిస్తంభముపై తెలుగు శాసనమును చెక్కించుట మనకు ముచ్చట గొలుపు విషయము. దాని రూపశిల్పి మైకేల్ టాపింగ్ 1796లో మరణింపగా, గోల్డింగ్‌హామ్ ఆ బాధ్యతను స్వీకరించెను.

గురుగ్రహపు చంద్రులు గ్రహణము పట్టు క్షణములను ఆయన ఏండ్ల తరబడి రాత్రులు మేల్కొని గుర్తించెను. వానిని గ్రీనిచ్ వేళలతో పోల్చి, 1802లో మద్రాసు రేఖాంశమును 80 డిగ్రీల 18½ నిమిషములుగా నిర్ణయించెను. గ్రీనిచ్ కన్న మద్రాసు 5 గంటల 21 నిమిషములు ముందున్నదని దీని భావము. ఫిరంగులు పేల్పించి ధ్వనివేగమును కొలచినవాడును, నేడు రాజాజీ హాలు అనబడు భవనమును కట్టించినవాడును ఆయనయే. 1830లో పదవి విడచి, 1849లో ఇంగ్లండులో కన్నుమూసెను.

ఆయన కృషికి పూర్తి ఫలము తరువాతనే దక్కినది. బొంబాయి గడియారము మద్రాసు కన్న అరగంట వెనుక, కలకత్తా గడియారము 32 నిమిషములు ముందు నడచుచుండగా, దేశమున విస్తరించిన రైళ్ళు నడిమి మార్గముగా మద్రాసు కాలమును గ్రహించినవి. 1874లో సికింద్రాబాదునకు రైలు వచ్చినది. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల రేఖపై భారత ప్రామాణిక కాలము అమలునకు వచ్చెను. అయినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ వేళలను విడువలేదు. ప్రపంచయుద్ధ దినములలో, 1942 నుండి 1945 వరకు, గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి.

ఐకమత్యమునకు కొంత మూల్యము కలదు. మన ఊరి సూర్యుడు నేటి గడియారమునకు 16 నిమిషములు వెనుకబడియున్నాడు. పెందలకడ తెల్లవారు ఈశాన్య రాష్ట్రములు వేరు కాలమును కోరుచున్నవి. ఈ వాదము ఎట్లు తీరినను, తీర్పునకు ముందు సత్యమైన కొలత ఉండవలెను. గోల్డింగ్‌హామ్ జీవితము నుండి మనము గ్రహింపవలసినది ఆ ఓర్పునే.