దీపధారిణి ఫ్లారెన్సు నైటింగేలు

రోగులకు సేవ చేయువారికిని శరీరము కలదు. దానికిని జ్వరము వచ్చును, అలసట కలుగును. సేవ పొందువారు ఈ సంగతిని తఱచుగా మఱచుచుందురు. రోగుల పాలిటి తల్లియని లోకము కొనియాడిన ఫ్లారెన్సు నైటింగేలు అనేక సంవత్సరములు తానే రోగియై మంచము పట్టియుండెను. ఆమె ఘనకార్యములలో పెక్కు ఆ మంచముపైననే జరిగినవి.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ధనవంతులైన ఆంగ్ల దంపతులకు జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమె పేరయ్యెను. రోగులకు సేవ చేయవలెనను కోరికను ఆమె వెల్లడింపగా తల్లియు అక్కయు మిక్కిలి ఖేదపడిరి. ఆస్పత్రి పని గౌరవకుటుంబముల స్త్రీలకు తగదని ఆ దినములలో ఇంగ్లండున తలచెడివారు. ఆమె ఏండ్లతరబడి ఓపికపట్టి, 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్తున మూడు నెలలు శిక్షణ పొందెను. 1853లో లండనునందొక చిన్న వైద్యశాలకు అధికారిణి అయ్యెను.

మఱుసటి యేడు క్రిమియా యుద్ధమున గాయపడిన ఆంగ్ల సైనికుల దుస్థితి పత్రికల మూలమున వెల్లడియయ్యెను. మంత్రి సిడ్నీ హెర్బర్టు కోరగా ఆమె 38 మంది పరిచారికలతో బయలుదేరి, 1854 నవంబరు 4న టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలను చేరెను. అచ్చట పడకలు చాలవు, కట్టుగుడ్డలు లేవు, భవనము క్రింద మురుగు నిలిచియుండెను. ఆమె పథ్యపు వంటకు వేఱుగా వంటయిండ్లు ఏర్పఱచెను. సైనికుల భార్యలచేత బట్టలు ఉదికించెను. రాత్రివేళ దీపము చేబూని పడకల నడుమ తిరుగు ఆమెను చూచి రోగులు సేదదీరెడివారు. దీపధారిణి యను పేరు అందువలన వచ్చినది.

అయినను ఆ శీతకాలమున మరణములు పెరుగుచునే యుండెను. 1855 మార్చిలో ఇంగ్లండునుండి వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగు తొలగించి, గాలి వచ్చు మార్గములు ఏర్పఱచిన పిదపనే అవి వేగముగా తగ్గినవి. సేవకు వచ్చిన పరిచారికలలో కొందఱు జ్వరములవలన మరణించిరి. ఆ మే నెలలో క్రిమియాకు వెళ్లిన నైటింగేలునకును తీవ్రజ్వరము సోకి ప్రాణాపాయము కలిగెను. స్వదేశమునకు మరలుమని పలువురు చెప్పినను ఆమె అంగీకరింపలేదు. యుద్ధము ముగిసిన పిమ్మటనే 1856లో ఇల్లు చేరెను.

అచ్చట ఆమెకు రెండు దెబ్బలు కాచుకొనియుండెను. 1857లో ఆమె ఆరోగ్యము పూర్తిగా దెబ్బతినెను. కాచని పాలవలనను పశువులవలనను సోకు బ్రూసెల్లోసిస్ జ్వరమే దీనికి కారణమైయుండునని నేటి వైద్యులు పలువురు భావించుచున్నారు. రెండవ దెబ్బ ఇంతకన్న పెద్దది. మరణముల లెక్కలను విలియం ఫార్ అను గణాంకవేత్తతో కలసి పరిశీలింపగా, తన వైద్యశాలలో ఎక్కువమంది మరణించినది గాయములవలన కాదనియు, నివారింపదగిన వ్యాధులవలననే యనియు తేలెను. ఆమె ఆ నిజమును దాచలేదు. రంగుల పటములుగా గీయించి 1858లో ప్రభుత్వము నెదుట నుంచెను.

ఒక్కరి దయ చాలదనియు, ఆ ఒక్కరు పడిపోయినను నిలుచు ఏర్పాటు కావలెననియు ఆమె గ్రహించెను. 1859లో పరిచర్యనుగూర్చి వ్రాసిన గ్రంథమున, తాను దగ్గఱనున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు చూచుటయే పరిచారిక నేర్పని బోధించెను. 1860లో లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలయందు ఆమె పేర పరిచారికల శిక్షణాలయము వెలసెను.

ఆమె భారతదేశమును ఎన్నడును చూడలేదు. అయినను ఇచ్చటి ఆంగ్ల సైనికులలో ఏటేట వేయికి 69 మంది మరణించుచుండిరని 1863లో వెలువడిన నివేదికకై మంచముననుండియే పాటుపడెను. పిమ్మట పల్లెల పారిశుద్ధ్యమునకును, పంటకాలువలకును వాదించెను. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, ఆయన పక్షమున నిలిచెను.

వార్ధక్యమున ఆమెకు చూపు పోయెను. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13న ఆమె కన్నుమూసెను. సమాధిపై పేరునకు మారుగా పొడి అక్షరములు మాత్రమే చెక్కిరి. ఆమె జన్మదినము నేడు దేశదేశములందు నర్సుల దినముగా జరుగుచున్నది. ఆనాడు వారిని పొగడుటతోపాటు, వారికి విశ్రాంతియు, శుభ్రమైన పనిచోటును, తగిన తోడును కలవా యని విచారించుటయే ఆమెకు నిజమైన నివాళి.