దుఃఖమును దాచక వ్రాసిన జాషువ కవి

ధ్యాన భాగము: యిర్మీయా 36వ అధ్యాయము, 102వ కీర్తన



యిర్మీయా ప్రవక్త నోటిమాటలను బారూకు సిరాతో చుట్టలో వ్రాసెను. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటియెదుట కూర్చుండగా, ఆ చుట్ట చదువబడినకొలది చాకుతో కోయబడి నిప్పులో వేయబడెను. అయితే దేవుడు మరల వ్రాయుమని సెలవిచ్చెను. రెండవ చుట్టలో మొదటిదానికంటె ఎక్కువ మాటలు చేరెను. మనుష్యులు అణచివేయజూచిన మాట మరింత బలముగా పైకి వచ్చుట మన తెలుగు దేశములోను ఒకరి జీవితమందు కనబడుచున్నది. ఆయనే గుఱ్ఱం జాషువ గారు.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో, క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. తండ్రి వీరయ్య గారు, తల్లి లింగమ్మ గారు. తలిదండ్రులిరువురు వేర్వేరు కులములవారగుటచేత, ఆ బాలుడు చిన్ననాటనే అనేక అవమానములను రుచిచూచెను. బడిలోను వీధిలోను అంటరానివాడను మాట ఆయనను వెంటాడెను. 1910లో వివాహమైన పిమ్మట, మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతముమీద పనిచేసిరి. ఆ పనియు పోగా రాజమహేంద్రవరము వెళ్లి, 1915-16 సంవత్సరములలో మాటలులేని సినిమాలు ఆడుచుండగా తెరప్రక్కన నిలిచి ప్రేక్షకులకు కథ చదివి వినిపించిరి. తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేండ్లు బోధించిరి.

ఇంత కష్టములోను ఆయన చదువు విడువలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారియొద్ద కాళిదాసు కావ్యములు నేర్చిరి. అయినను పద్యము చదువుటకు సభలో నిలిచినప్పుడు, ఈ కులమువానిని లోనికి ఎవరు రానిచ్చిరని అడిగినవారుండిరి. మరియొక సంగతి మనము తలవంచుకొని ఒప్పుకొనవలెను. హిందూ పురాణ విషయములపై పద్యములు వ్రాసెనని క్రైస్తవ పెద్దలును ఆయనను సంఘమునుండి వెలివేసిరి. ఒకరు కులమును చూచి త్రోసివేసిరి. మనవారు పద్యమును చూచి త్రోసివేసిరి. రెండు వాకిండ్లును మూయబడిన మనుష్యుడు ఎక్కడికి పోవలెను?

ఆయన కలము పట్టుకొనెను. 1932లో 'ఫిరదౌసి' వ్రాసిరి. పద్యమునకొక బంగారు నాణెము ఇత్తునని మాట యిచ్చి, తుదకు వెండి యిచ్చిన సుల్తానువలన గుండె పగిలిన పారసీక కవి కథ అది. మాట తప్పిన లోకముమీద తనకుగల వేదనను ఆ కవి నోట పలికించిరి. 1941లో 'గబ్బిలము' మొదటి భాగము వెలువడెను. తోళ్లపని చేసికొను ఒక పేదవాడు రాత్రివేళ తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతో తన దుఃఖమంతయు చెప్పుకొనును. మనుష్యుడైన తనకు గుడి తలుపులు మూసియున్నవి. గబ్బిలమునకో, గుడి చూరే ఇల్లు. కాబట్టి తన మొఱను కాశీలోని శివుని చెవిని వేయుమని దానిని పంపును. కాళిదాసు మేఘమును పంపెను; జాషువ గారు ఎవరికిని అక్కరలేని ప్రాణిని పంపిరి. ఒక్కని కడుపులోని బాధ అట్లు వేలమంది బాధకు నోరైనది.

పేదరికమును కులభేదమును తనకు ఇద్దరు గురువులనియు, మొదటిది సహనమును, రెండవది ఎదిరించు బలమును నేర్పెననియు ఆయన చెప్పుకొనిరి. కొంతకాలమునకు ఆ కాలపు కవులకు గురుతుల్యులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారే ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. వెలివేసిన సంఘముపై పగబట్టక, జాషువ గారు 'క్రీస్తు చరిత్ర'ను పద్యకావ్యముగా వ్రాసిరి. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తమ జీవితమును 'నా కథ' యను పేరుతో పద్యములలోనే చెప్పుకొనిరి. 1970లో పద్మభూషణ బిరుదు పొంది, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసిరి.

ప్రియులారా, 102వ కీర్తన వ్రాసిన భక్తుడును ఇట్టివాడే. నలిగినవాడై, తన్ను గుడ్లగూబతోను, ఇంటికప్పుమీది ఒంటరి పిట్టతోను పోల్చుకొనెను. తన బాధను చిన్నది చేసి చెప్పలేదు, సిగ్గుపడి దాచలేదు. అంతయు దేవుని సన్నిధిని క్రుమ్మరించిన తరువాతనే ఆయన స్వరము స్తుతివైపు తిరిగెను. దాచిన దుఃఖము లోపల పుండువలె సలుపును. మాటలలో పెట్టిన దుఃఖమును మనము ఎదుట ఉంచుకొని చూడగలము, ప్రార్థనలో అప్పగింపగలము.

మన యాలాల్, తాండూరు ప్రాంతములలో కందిచేలలోను నాపరాతి గనులలోను ఎముకలు అరుగునట్లు కష్టించిన పెద్దలెందరో కలరు. వారిలో ఒకరు ప్రభువునందు నిద్రించినప్పుడు, సమాధి కూడికలో చెప్పుటకు వారి జీవితమేమని నేను ఇంటివారిని అడుగుదును. పేరు, ఊరు, పిల్లల సంఖ్య తప్ప మరేమియు చెప్పలేక వారు నా ముఖము చూచిన దినములు కలవు. ఎన్ని కరవులు దాటెనో, ఎవరి వాకిట నిలువబడి అవమానపడెనో, మొదట ఏ రాత్రి ప్రార్థించెనో, అంతయు ఆమెతోకూడ మట్టిలో కలిసిపోయెను.

మాకు చదువు రాదు, మేమేమి వ్రాయగలమని కొందరందురు. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాయలేదా? బడికి పోవు మనుమడు మీకు బారూకు కాగలడు. ఈ మాసములో ప్రతి ఇంట ఒక నోటుబుక్కు కొనుడి. ఆదివారము సాయంకాలము అవ్వ చెప్పవలెను, పిల్లవాడు వ్రాయవలెను. పెద్ద భాష అక్కరలేదు. మన ఊరిమాట చాలును. కోపము వచ్చిన సంగతియైనను ఉన్నదున్నట్లు వ్రాయుడి. అందరికి చూపవలసిన పనిలేదు. దేవునియెదుట చదువుకొని ప్రార్థించుడి. పెద్దలారా, ఎవరైనను తమ బాధను మనయొద్దకు తెచ్చినప్పుడు యెహోయాకీమువలె చాకు తీయకుందము.

నలిగినవారి మొఱను త్రోసివేయని దేవుడు, మన ఇండ్లలోని మూగదుఃఖములకు మాటలు అనుగ్రహించును గాక. ఆమేన్.