ఇవాన్ పావ్లోవు మహాశయుడు

హిందూపురపు మండీలో చింతపండు బస్తా విప్పినచో చూచినవాని నోరూరును. విప్పకున్నను, దాని పేరు చెప్పినంతనే ఊరును. చెంబు చప్పుడు వినినంతనే ఆవు చేపుట పెనుకొండ, ధర్మవరం సీమల పాడిరైతు లెల్లరు నెఱిగినదే. ఇట్టి సామాన్య విషయమును పట్టుకొని మెదడులోని మర్మమును వెదకిన ధీమంతుడు రష్యా దేశీయుడైన ఇవాన్ పావ్లోవు.

ఈయన 1849వ సంవత్సరమున రియజాన్ పట్టణమున నొక క్రైస్తవ పురోహితుని యింట జన్మించెను. బాల్యమున గోడపైనుండి పడి గాయపడుటచే పదునొకండవ యేటగాని బడికి పోలేదు. తండ్రివలె మతగురువు కావలసినవాడు, మెదడును గూర్చి సెచెనోవు పండితుడు వ్రాసిన గ్రంథమును చదివి మనసు మార్చుకొని, 1870లో సెంటు పీటర్సుబర్గు విశ్వవిద్యాలయమున చేరెను. వివాహమైన పిదపను దారిద్ర్యము వదలలేదు. తొలిబిడ్డ పసితనముననే గతించెను. జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమానము లభించెను.

ఆ కృషిలోనే యొక చిక్కు తోచెను. ఆహారము నోటి కందకమునుపే, తెచ్చువాని అడుగుల చప్పుడునకే కుక్కలకు లాలాజల మూరసాగెను. మఱియొకరైన దానిని పొరపాటుగా కొట్టివేసి యుందురు. ఈయన కుక్క చెంపకు చిన్న రంధ్రము చేయించి, లాలాజలమును బొట్టుబొట్టుగా లెక్కించెను. ఒక చప్పుడు చేసి వెంటనే ఆహారము పెట్టుచు పలుమార్లు నడపగా, తుదకు చప్పుడొక్కటే చాలెను. తిండి పెట్టక చప్పుడే చేయుచు పోయినచో ఆ యలవాటు సన్నగిల్లెను. దీనికే నిబంధిత ప్రతిచర్య యని పేరు.

ఆయన ప్రయోగశాలలో జరిగిన మఱియొక పరీక్ష మిక్కిలి ఆలోచింపదగినది. వృత్తమును చూపి ఆహారము పెట్టిరి. దీర్ఘవృత్తమును చూపి పెట్టలేదు. కుక్క రెంటిని చక్కగా గుర్తించెను. పిమ్మట దీర్ఘవృత్తమును క్రమముగా గుండ్రన చేయుచు, పొడవు వెడల్పులను 9కి 8 వంతులవఱకు తెచ్చిరి. అంతట, శాంతముగా నిలుచుచుండిన కుక్క అఱచుచు, గింజుకొనుచు పరికరములను కొఱికివేసెను. సులభమైన భేదమును సైతము మఱచెను. ఎటును తేల్చుకొనలేని సంకటము బుద్ధిని చెఱచునని తెలిసినది. మూగజీవిని ఇంత బాధింపవచ్చునా యను ప్రశ్న త్రోసివేయరానిది.

1917 విప్లవానంతర క్షామమున కుక్కలు ఆకటితో చచ్చెను. దేశము విడువనెంచిన పండితుని నిలుపుటకై లెనిను 1921లో ప్రత్యేక శాసనమే చేసెను. అయినను ఈయన ప్రభుత్వమును బాహాటముగా విమర్శించుట మానలేదు. 1924 సెప్టెంబరు వరదలో నీరు బోనులలో నిండగా కుక్కలను ఈదించి వెలికి తెచ్చిరి. బ్రదికినవానిలో కొన్ని నేర్చినదెల్ల మఱచెను. తరువాత తలుపు క్రింద సన్నని నీటిధార కనబడినను గడగడలాడెను.

1935లో ఆయన ప్రోద్బలమున లెనిన్‌గ్రాడులోని పరిశోధనాలయమున కుక్కకు శిలాస్మారకము నెలకొల్పిరి. మఱుసటి యేడు ఫిబ్రవరి 27వ తేదీన, ఎనుబదియాఱవ యేడు నిండిన పావ్లోవు ఊపిరితిత్తుల జబ్బుచే పరమపదించెను.