బెంగుళూరు నాగరత్నమ్మ: ఒక గ్రంథపరిష్కర్త్రి

బెంగుళూరు నాగరత్నమ్మ 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానములోని నంజనగూడులో దేవదాసీ కుటుంబమున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి. బాల్యముననే సంస్కృతము, కన్నడము, తెలుగు నేర్చి, పిదప మదరాసు చేరి గాయనిగా ప్రసిద్ధి గాంచెను. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన పుణ్యాత్మురాలిగా సంగీతలోక మామెను స్మరించుచున్నది. గ్రంథపరిష్కర్త్రిగా నామె చేసిన పని సాహిత్యపరులకు సైతము అంతగా తెలియదు.

తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానకవయిత్రి ముద్దుపళని. ఆమె రచించిన 'రాధికా సాంత్వనము'నకు పైడిపాటి వేంకటనరసుగారు ప్రకటించిన అచ్చుప్రతి నాగరత్నమ్మకు మొదట లభించెను. పిమ్మట వ్రాతప్రతి చేజిక్కగా, అచ్చుప్రతిలో లోపించిన దెంతయో తేటపడెను. శృంగారము మితిమీరెనని తోచిన కొన్ని పద్యములు పోయినవి, సరే. కవయిత్రి తన యింటి స్త్రీలను కీర్తించిన పీఠికయు పోయినది! ఘాజియాబాదులో మాయింట నీ కావ్యము చదువుకొనిన హిందీ విద్యార్థిని యొకతె, వంశవర్ణనమున అశ్లీలమేమున్నదని నన్నడిగినది. పరిహరింపబడినది కేవలము శృంగారము కాదనుటకు ఆ ప్రశ్నయే చాలును.

కందుకూరి వీరేశలింగముగారు 'ఆంధ్రకవుల చరిత్రము'న ముద్దుపళని పాండిత్యము నంగీకరించియు, స్త్రీ యిట్లు వ్రాయుట తగదని నిందించిరి. వేశ్యావృత్తిపై జీవితకాలము పోరాడిన సంస్కర్తకు కవయిత్రి వృత్తియే ముందు కనబడుటలో వింత లేదు. కాని పురుషకవుల శృంగారమును వారు తూచిన త్రాసు వేరు. 1910లో వావిళ్ళవారి ముద్రణమున సంపూర్ణపాఠమును ప్రకటించుచు నాగరత్నమ్మ ఈ భేదమునే పట్టుకొనెను. సిగ్గు స్త్రీలకు మాత్రమే విహితమా యని ప్రశ్నించి, పంతులుగారు స్వయముగా అచ్చునకు సమ్మతించిన 'వైజయంతీవిలాసము'ను ఎత్తిచూపెను.

1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనపరచుకొనెను. పండితులు మొరపెట్టినను ఫలింపలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా నున్నపుడు నిషేధము తొలగెను.

ఈ నడుమ 1920ల చివర, ముత్తులక్ష్మీరెడ్డిగారి దేవదాసీ బిల్లును ప్రతిఘటించిన వారిలో నాగరత్నమ్మయు నుండెను. ఆమెను కేవలము స్వేచ్ఛావాదినిగా చిత్రించు నేటి వ్యాసకర్తలు ఈ ఘట్టమును దాటవేయుదురు. అదియు నొకవిధమగు పరిహరణమే.

1952లో వావిళ్ళవారు కావ్యమును మరల ముద్రించిరి. ఆ యేటనే మే 19న ఆమె మరణించెను. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధి చెంతనే ఆమె సమాధియు నున్నది.