నిఖానామా నుంచి ఐక్యరాజ్యసమితి దాకా: బేగం షరీఫా హమీద్ అలీ

1947 ఫిబ్రవరి. న్యూయార్క్ దగ్గర లేక్ సక్సెస్‌లో 15 దేశాల నుంచి వచ్చిన 15 మంది మహిళలు సమావేశమయ్యారు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన స్త్రీల స్థితిగతుల కమిషన్‌కు అదే మొట్టమొదటి సమావేశం. భారతదేశం తరఫున కూర్చున్నావిడ బేగం షరీఫా హమీద్ అలీ. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. ఆ సమావేశాలు నడుస్తుండగానే లండన్‌లో ప్రధాని అట్లీ, 1948 జూన్‌లోగా అధికారం అప్పగించి వెళ్లిపోతామని ప్రకటించారు.

ఈ బేగం ఎవరో ఈ తరంలో చాలామందికి తెలియదు. వాళ్ల నాన్న పేరు చెబితే మాత్రం కొందరైనా గుర్తుపడతారు. బరోడా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన అబ్బాస్ తయ్యబ్జీ ఆయన. 1930 ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టయ్యాక నాయకత్వం తీసుకున్నది ఈ పెద్దాయనే. ఆయన్నీ జైల్లో పెడితే, ఆ తర్వాత ధరాసనకు ముందు నడిచింది మన హైదరాబాద్ ఇంటి ఆడపడుచు సరోజినీ నాయుడు.

షరీఫా 1883లో బరోడాలో పుట్టారు. ఆడపిల్లను బడికి పంపాలా వద్దా అని చాలా ఇళ్లు తటపటాయిస్తున్న రోజుల్లో తయ్యబ్జీ ఖానదాన్‌లో ఆడపిల్లలు చదువుకున్నారు. భర్త హమీద్ అలీ ఐసీఎస్ అధికారి. దొరసానిలా బంగళాలో కూర్చుని కాలం గడిపేయొచ్చు. ఆమె అలా కూర్చోలేదు.

బాల్యవివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. పెళ్లికి ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండాలన్నది అందులోని షరతు. ఇది మతంలో జోక్యమంటూ హిందువుల్లోనూ ముస్లింలలోనూ పెద్దలు కొందరు అడ్డం తిరిగారు. ముస్లింలకు మినహాయింపు కావాలన్న మాటా గట్టిగానే వినిపించింది. షరీఫా మాత్రం ఆ మినహాయింపు వద్దన్నారు. ముస్లిం ఇంటి పిల్లను మాత్రం ఎందుకు వదిలేయాలన్నది ఆమె వాదన. బయటివాళ్లు ఆ మాటంటే తోసిపుచ్చడం తేలిక. తయ్యబ్జీల అమ్మాయి అంటుంటే అంత తేలిక కాదు కదా!

1933లో రాజకుమారి అమృత్ కౌర్, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిలతో కలిసి ఆమె లండన్ వెళ్లారు. కొత్త రాజ్యాంగ సంస్కరణలను పరిశీలిస్తున్న పార్లమెంటు కమిటీ ముందు అఖిల భారత మహిళా సదస్సు తరఫున మాట్లాడారు. ఆస్తి ఉన్న మగవాడి భార్య అన్న లెక్కన ఓటివ్వడాన్ని వాళ్లు ఒప్పుకోలేదు. ఓటు మనిషిని చూసి ఇవ్వాలి గానీ మొగుణ్ని చూసి కాదు. 1935 చట్టంలో ఆ భార్య లెక్కే నిలిచింది. 1940లో ఆ మహిళా సదస్సుకు షరీఫానే అధ్యక్షురాలయ్యారు.

ఆమె పనుల్లో మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది నమూనా నిఖానామా. ఇస్లాంలో పెళ్లి ఒక ఒప్పందం. ఒప్పందమన్నాక ఇరువైపులా షరతులు రాసుకోవచ్చు. భార్య కోరితే విడిపోయే హక్కును భర్త ఆమెకు ముందే అప్పగించే పద్ధతి కూడా ఉంది. దాన్ని తలాక్-ఎ-తఫ్వీజ్ అంటారు. కానీ నిఖా రోజు హడావిడిలో మెహర్ మొత్తం పలికి, సంతకాలయ్యాక బిర్యానీ మీదికి పోతుంది అందరి ధ్యాసా. ఆ కాగితంలో ఏముందో పెళ్లికూతురికి చదివి వినిపించేవాళ్లు ఎందరు? షరీఫా ఆ కాగితాన్నే పట్టుకున్నారు. ఆడపిల్ల హక్కులను కాపాడే షరతులతో ఒక నమూనా తయారుచేశారు. షరియత్ నుంచి బయటికి పోవాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

ఇక కమిషన్ సంగతి. 1946 మొదట్లో ఐక్యరాజ్యసమితి స్త్రీల కోసం పెట్టింది మానవహక్కుల కమిషన్ కింద ఒక ఉపసంఘం మాత్రమే. డెన్మార్క్‌కు చెందిన బోదిల్ బెగ్‌ట్రుప్ దానికి అధ్యక్షురాలు. భారత్ నుంచి హంసా మెహతా సభ్యురాలు. 1945-46లో మన హైదరాబాద్‌లో జరిగిన మహిళా సదస్సులో అధ్యక్షురాలిగా స్త్రీల హక్కుల పత్రాన్ని ప్రతిపాదించింది ఈ హంసా మెహతానే. ఇంకొకరి కింద ఉంటే స్త్రీల సంగతి ఎప్పుడూ ఆఖరికే వస్తుందని ఉపసంఘం వాళ్లు భయపడ్డారు. సొంత కమిషన్ కావాలని పట్టుబట్టారు. 1946 జూన్ 21న అది సాధించారు. ఐక్యరాజ్యసమితిని స్థాపించిన 51 దేశాల్లో అప్పటికి 30 దేశాలే స్త్రీలకు మగవాళ్లతో సమానంగా ఓటు ఇచ్చాయంటే, ఆ పట్టు ఎందుకో తెలుస్తుంది.

అలా పుట్టిన కమిషన్ తొలి సమావేశానికే షరీఫా వెళ్లారు. టర్కీ, సిరియా నుంచి కూడా ప్రతినిధులు వచ్చారు. ఓటు, చదువు, ఉద్యోగంతో పాటు పెళ్లిలో సమానత్వాన్నీ ఆ కమిషన్ మొదటి నుంచే తన పనిగా పెట్టుకుంది. అంటే బేగం నిఖానామాలో పట్టుకున్న విషయమే పెద్ద వేదిక ఎక్కింది. స్త్రీల రాజకీయ హక్కుల ఒడంబడిక 1952లో వచ్చింది ఈ కమిషన్ కృషితోనే.

షరీఫా 1971లో కన్నుమూశారు. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ తొలగించే అంతర్జాతీయ ఒడంబడిక 1979లో ఆమోదం పొందింది. దాని ముసాయిదా తయారైంది ఆమె తొలి రోజు కూర్చున్న ఆ కమిషన్‌లోనే.