బొగ్గు జాడ చెప్పిన కింగ్ దొర

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత విశేషాలు వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరినారు. దేశ నాయకుల గురించి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు కనుక నేను ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని ఎన్నుకున్నాను. సింగరేణిలో కింగ్ సీము అనే బొగ్గుపొర పేరు విననివారు అరుదు. అది ఏ రాజుగారి పేరో అనుకునేవారున్నారు. కాదు, అది విలియం కింగ్ అనే దొర పేరు.

ఆయన తండ్రి ఐర్లండులోని గాల్వేలో ప్రొఫెసరు. నియాండర్తాల్ మానవునికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆ తండ్రే. కుమారుడు 1857లో, సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏటనే, భారత భూగర్భ సర్వే శాఖలో చేరినారు. 1863లో మద్రాసు దగ్గర అత్తిరంపాకంలో బ్రూస్ ఫుట్‌తో కలసి ఆదిమానవుని రాతి పనిముట్లు కనుగొన్నారు. కడప, కర్నూలు శిలలపై ఆయన గ్రంథం 1872లో వెలువడింది.

1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు గుర్తించినారు. పిమ్మట గోదావరి, ప్రాణహిత లోయ అంతా పరిశీలించి 1881లో పెద్ద నివేదిక ప్రకటించినారు. మన ఆదిలాబాద్, కరీంనగర్ అడవులు అందులోనివే. చేతిలో సుత్తి, దిక్సూచి తప్ప వేరే సాధనం లేదు. ఏ రాయి మీద ఏ రాయి ఉన్నదో చూచి, బొగ్గు ఉండదగిన బరాకర్ ఇసుకరాయి ఎక్కడ పైకి తేలిందో పటం మీద గీసినారు. ఉద్యోగకాలమంతా పటాలు, ఫైళ్ళు మోసిన గుమాస్తాను నేను. పదేళ్ళు చెల్లిన పటమే గొప్ప!

మా పెద్దన్నయ్య గోదావరిఖనిలో బాయి పని చేసినాడు. పొర ముందు ఏమున్నదో తెలియకపోవడమే భయమనేవాడు. బొగ్గుపొరను చీల్చుకుంటూ ఒకప్పుడు కరిగిన రాయి గోడలా లేచి ఉంటుంది. అది తగిలిన చోట బొగ్గు మాడిపోతుంది. జరియా, రాణిగంజ్‌లలో దానిని ఝామా అంటారు. అక్కడున్నంత బాధ మన లోయకు లేదు. అయినా కరీంనగర్ చుట్టూ గ్రానైటులో నల్లరాతి గోడలు కనబడతాయి, ఆదిలాబాద్ పడమట నల్లరేగడి కింద దక్కను నల్లరాయి పరచుకొని ఉన్నది.

డోలరైట్ అనే ఈ నల్లరాతిలో మాగ్నటైట్ ఖనిజం ఉంటుంది కనుక అయస్కాంత కొలత యంత్రం దానిని పట్టేస్తుంది. బొగ్గు, ఇసుకరాయి ఆ యంత్రానికి దాదాపు చప్పగా తోస్తాయి. లెక్క కొద్ది దూరంలోనే ఎగసిపడితే రాయి పైపైనే ఉన్నట్టు, మెల్లగా, వెడల్పుగా లేచి దిగితే లోతున ఉన్నట్టు. లోతుదైతే అది బొగ్గుకంటే పాతది, అడుగు గ్రానైటులోనిది కావచ్చు. అప్పుడు పొరకు హాని లేదు. ఏది ఏదో తేల్చాలంటే పైన ఏ శిల ఉన్నదో తెలియాలి. అందుకు కింగ్ దొర గీసినటువంటి పటమే ఆధారం. ఆఖరున బోరు వేసి చూడక తప్పదు.

1887లో ఆయన శాఖకు డైరెక్టరైనారు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో ఇల్లెందులో బొగ్గు తీయసాగింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. తరువాత బెల్లంపల్లి, ఆ పిమ్మట రామగుండం గనులు వచ్చినాయి. ఇవేవీ ఆయన చూడలేదు. 1894లో పదవీ విరమణ చేసి, 1900లో కన్నుమూసినారు. పింఛను ఆరేళ్ళే అనుభవించినారు పాపం.